మినీ డెస్క్‌టాప్ కొనేముందు: హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి ఒక సమీక్ష

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ముప్పై బై నలభై సైట్లలో లేచిన ఇళ్లు ఎక్కువ. కింది అంతస్తులో ఓ చిన్న కంపెనీ, పైన రెండు మూడు అద్దె వాటాలు. ఈ వాటాల్లో అనంతపురం, చిత్తూరు, కర్నూలు, గుంటూరు వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పగలంతా ఆఫీసు ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఇంట్లో కూడా సొంతానికి ఒక కంప్యూటర్ కావాలి. పిల్లల చదువుకి, ఇంటి పద్దులకి, ఊళ్లో నాన్నగారి ఎరువుల కొట్టు బిల్లులకి ఆఫీసు యంత్రాన్ని వాడలేం, చాలా కంపెనీలు వాడనివ్వవు కూడా. కింది అంతస్తు కంపెనీకైతే గుమస్తా బల్ల మీదకి ఒకటి, రిసెప్షన్‌లో ఒకటి కావాలి. బల్ల చిన్నది, బడ్జెట్ ఇంకా చిన్నది. అరచేయంత పెట్టెలో ఇమిడే మినీ డెస్క్‌టాప్ మీదికి చూపు పోవడం సహజమే.

అయితే బజారులో మినీ పేరుతో అమ్ముడయ్యేవి ఒక రకం కావు. పదేళ్ల కిందటి సరుకూ ఉంది, నిన్న వచ్చినదీ ఉంది, అసలు డెస్క్‌టాప్‌గా పనికిరానిదీ ఉంది. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వీటిలో ఏది చవక? ఈ సమీక్షలో నేను పట్టుకున్న కొలబద్ద ఒక్కటే. పెట్టె ధరని, అది భద్రంగా పనిచేసే ఏళ్లతో భాగించాలి. తొమ్మిది వేలకి కొన్నది రెండేళ్లకి మూలపడితే ఏడాదికి 4,500 రూపాయలు. పద్దెనిమిది వేలకి కొన్నది ఆరేళ్లు నడిస్తే ఏడాదికి 3,000. రెండోదే చవక.

ఈ ఊరు అడిగిన పాత ప్రశ్న

సామాన్యుడికి అందే కంప్యూటర్ ఎలా ఉండాలన్నది బెంగళూరుకి కొత్త ప్రశ్న కాదు. ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అధ్యాపకులు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కలిసి 2001లో సింప్యూటర్ నమూనాని లోకానికి చూపించారు. చేతిలో పట్టే ఆ యంత్రం తొమ్మిది వేల రూపాయల చుట్టూ దొరకాలని వారి ఆశయం. 2004లో పికోపెటా, భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి దాన్ని అమిడా పేరుతో అమ్మకానికి తెచ్చాయి. ఆలోచన గొప్పది, అమ్మకాలు మాత్రం ఆశించినంత సాగలేదు. పక్కనే చెన్నైలో ఆచార్య అశోక్ ఝున్‌ఝున్‌వాలా ప్రోత్సాహంతో నోవాటియం సంస్థ నెట్‌పీసీని తీసుకొచ్చింది. బుర్ర సర్వర్‌లో, చిన్న పెట్టె ఇంట్లో, చందా నెలనెలా అన్నది దాని పద్ధతి. ఈమధ్య జియో సెట్‌టాప్ బాక్సు ద్వారా టీవీనే కంప్యూటర్‌గా అద్దెకిస్తున్న జియోపీసీలో ఉన్నదీ అదే ఆలోచన.

2011 అక్టోబరులో వచ్చిన ఆకాశ్ టాబ్లెట్ తెలుగువాళ్లకి బాగా గుర్తుండాలి. డేటావిండ్ సంస్థ కోసం దాన్ని బిగించింది సికింద్రాబాద్‌లోనే. ధర తక్కువే, కానీ 256 ఎంబీ మెమరీ, వేలితో గట్టిగా నొక్కితే తప్ప కదలని తెర విద్యార్థులని నిరాశపరిచాయి. ధర ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుంటే యంత్రం చేతికొస్తుంది గాని పని జరగదని ఆకాశ్ చూపించింది. ఇవాళ మినీ కంప్యూటర్ కొనేవాళ్లకి ఆ పాఠం అక్షరాలా వర్తిస్తుంది.

కొత్త పెట్టెలు: ఎన్ 100 తరం

2023 జనవరిలో ఇంటెల్ విడుదల చేసిన ఎన్ 100 ప్రాసెసర్‌తో చవక రకం మినీల తీరు మారిపోయింది. అంతకుముందు ఈ ధరలో దొరికే రెండు కోర్ల సెలరాన్‌లు బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే చతికిలబడేవి. ఎన్ 100లో నాలుగు కోర్లున్నాయి, వేగం 3.4 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది, ప్రాసెసర్‌కి కేటాయించిన విద్యుత్తు 6 వాట్లే. ఎన్ 95, ఎన్ 97, 2025లో వచ్చిన ఎన్ 150 దీని అన్నదమ్ములే. వీటి మధ్య తేడా చిన్నది, కాబట్టి ఏది మంచి వారంటీతో వస్తే అది తీసుకోవచ్చు.

ఆన్‌లైన్ తరగతులు, యూట్యూబ్, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు, వీడియో కాల్, టాలీలో పద్దులు వంటి పనులకి ఈ తరం నిక్షేపంగా సరిపోతుంది. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వాడే ఏవీ1 వీడియోని ఇది సొంత హార్డ్‌వేర్‌తోనే విప్పగలదు. సరిపోనివీ ఉన్నాయి. పెద్ద వీడియో ఎడిటింగ్, కొత్త ఆటలు, డెవలపర్లు ఒకేసారి నడిపే వర్చువల్ మెషీన్లు దీని చేత కావు. మెమరీకి ఒకే చానెల్ ఉంటుంది, ఇంటెల్ అధికారికంగా చెప్పే గరిష్ఠం 16 జీబీ. కొన్ని నమూనాల్లో మెమరీ బోర్డు మీదే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. కొనేముందే ఇది అడిగి తెలుసుకోవాలి.

ఈ రకంలో అసలు చిక్కు బ్రాండ్లది. పేరు వినని చైనా కంపెనీలు పదుల్లో ఉన్నాయి. 2024 మొదట్లో ఏస్‌మేజిక్ అనే బ్రాండు మినీల్లో కొన్ని ఫ్యాక్టరీ నుంచే మాల్‌వేర్‌తో వచ్చినట్టు బయటపడింది, కంపెనీ కూడా ఒప్పుకుంది. తెలియని బ్రాండు కొంటే పెట్టె తెరవగానే విండోస్‌ను పూర్తిగా తుడిచి, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించుకున్నది కొత్తగా ఎక్కించడం తప్పనిసరి. పేరున్న కంపెనీ అయినా సరే, ఈ వ్యాపారంలోనే ఉంటుందన్న భరోసా లేదు. మినీలకి బాట వేసిన ఇంటెల్ ఎన్‌యూసీ 2012–13లో మొదలైంది. 2023 జులైలో ఇంటెల్ ఆ పని మానేసి ఆసుస్‌కి అప్పగించింది. అందుకే బెంగళూరులో సర్వీసు సెంటర్ ఉన్న కంపెనీకి వెయ్యి, రెండు వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

వాడి వదిలిన ఒక లీటరు పెట్టెలు

బెంగళూరు వాళ్లకి ప్రత్యేకంగా కలిసొచ్చే దారి ఇది. లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ప్రోడెస్క్, ఎలైట్‌డెస్క్ మినీ లాంటివి పెద్ద ఆఫీసుల కోసం తయారయ్యే యంత్రాలు. సుమారు 18 సెంటీమీటర్ల చదరం, మూడున్నర సెంటీమీటర్ల మందం, మొత్తం ఒక లీటరు పరిమాణం. ఐటీ కంపెనీలు మూడు నుంచి అయిదేళ్లు వాడి లీజు ముగిశాక ఒకేసారి వదిలించుకుంటాయి. అవి బాగుపడి సదర్ పత్రప్ప రోడ్డుకి, అంటే అందరూ ఎస్పీ రోడ్డనే బజారుకి చేరతాయి.

వీటి గుణం గట్టితనం. మెమరీ, డిస్కు, ఫ్యాను అన్నీ విప్పి మార్చుకోవచ్చు, విడిభాగాలు దొరుకుతాయి. ఉదాహరణకి 2018లో వచ్చిన ఐ5-8500టి ప్రాసెసర్‌లో ఆరు కోర్లున్నాయి. ఒక్క పని వేగంలో ఎన్ 100కి దగ్గరగా ఉన్నా, అనేక పనులు ఒకేసారి పెడితే ఇదే ముందుంటుంది. ఏవీ1 వీడియోకి హార్డ్‌వేర్ సాయం లేకపోవడం దీని లోటు. ఆఫీసు పనికి ఆ లోటు తెలియదు.

ఇక్కడ ఒక గీత కచ్చితంగా గీయాలి. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న విండోస్ 10కి సపోర్టు ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసరు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఈ నియమం వల్ల ఆరో తరం, ఏడో తరం యంత్రాలు కంపెనీల నుంచి వెల్లువలా బయటికొచ్చాయి. బజారులో ఊరించే ధరలు వీటివే. ఐ5-6500టి అని రాసి ఉంటే ఆరో తరం, ఐ5-8500టి అంటే ఎనిమిదో తరం. గీత తర్వాత నాలుగంకెలుంటే మొదటి అంకె, అయిదంకెలుంటే మొదటి రెండంకెలు చూస్తే చాలు. దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి చూపిస్తారు, నడుస్తుంది కూడా. కానీ రేపు అప్‌డేట్ ఆగితే అడిగే దిక్కుండదు. బ్యాంకు లావాదేవీలు జరిగే యంత్రానికి భద్రతా అప్‌డేట్ లేకపోవడం చిన్న సంగతి కాదు. లైనక్స్ వాడే వాళ్లకి మాత్రం ఆరో తరం యంత్రం ఇవాళ్టికీ మంచి బేరం. ఉబుంటు 24.04కి 2029 దాకా అప్‌డేట్లు ఉచితంగా వస్తాయి.

హెచ్‌ఎస్‌ఆర్ నుంచి ఎస్పీ రోడ్డు ప్రయాణం ఇదివరకటంత యాతన కాదిప్పుడు. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మెట్రో మొదలయ్యాక సిల్క్ బోర్డులో ఎక్కి ఆర్వీ రోడ్డులో గ్రీన్ లైన్‌కి మారితే చిక్కపేట దాకా వెళ్లొచ్చు. అక్కడ చేయాల్సిన తనిఖీలు కొన్ని ఉన్నాయి. యంత్రాన్ని ఆన్ చేయించి బయోస్‌లోకి వెళ్లాలి. పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డు ఇంకా ఉంటే వదిలేయాలి. అడాప్టరు అదే కంపెనీది కావాలి, డెల్ యంత్రాలైతే పరాయి అడాప్టరుని గుర్తుపట్టి వేగం తగ్గించేసుకుంటాయి. ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపించమనాలి. పావుగంట వీడియో ఆడించి ఫ్యాను మోత వినాలి. అమ్మకం విషయానికొస్తే కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత ఈ సరుకుకి బాగా వర్తిస్తుంది. రెండేళ్ల తర్వాత అమ్ముకోవచ్చులే అనే లెక్కతో కొనకూడదు, చివరిదాకా వాడుకునే ఉద్దేశంతోనే కొనాలి.

రాస్ప్‌బెర్రీ పై, మ్యాక్ మినీ, మిగిలినవి

రాస్ప్‌బెర్రీ పై 2012లో 35 డాలర్లకి వచ్చి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. 2023లో వచ్చిన పై 5, 2024 డిసెంబరులో కీబోర్డులోనే ఇమిడి వచ్చిన పై 500 బాగా మెరుగుపడ్డాయి. పిల్లలకి పైథాన్ నేర్పడానికి, సెన్సర్లతో ప్రయోగాలకి దీనికి సాటి లేదు. పై 5ని ఇంటి కంప్యూటరుగా వాడాలంటే మాత్రం 27 వాట్ల అడాప్టరు, ఫ్యాను, పెట్టె, మెమరీ కార్డు లేదా ఎస్‌ఎస్‌డీ విడివిడిగా కొనాలి. అన్నీ కలిపితే ఎన్ 100 ధర దగ్గరికి చేరుతుంది. విండోస్ అధికారికంగా నడవదు, టాలీ నడవదు. నేర్చుకునే పరికరంగా కొనండి, ఇంటి డెస్క్‌టాప్‌గా వద్దు.

మ్యాక్ మినీని 2005లో ఆపిల్ మొదలుపెట్టింది. 2024 చివర ఎం4 ప్రాసెసరుతో, 16 జీబీ మెమరీతో మన దేశంలో 59,900 రూపాయలకి విడుదలైంది. చవక కాదు. కానీ వీడియో, సంగీతం, యాప్‌ల తయారీ చేసేవాళ్లకి ఆ ధరని ఏడెనిమిదేళ్లతో భాగిస్తే లెక్క అన్యాయంగా ఉండదు. మెమరీ తర్వాత పెంచలేం, కాబట్టి కొనేనాడే ఆలోచించాలి.

స్టిక్ ఆకారంలో టీవీకి గుచ్చే కంప్యూటర్లు, 4 జీబీ మెమరీ, 64 జీబీ ఈఎంఎంసీ నిల్వతో వచ్చే పాత సెలరాన్ పెట్టెల జోలికి పోకూడదు. విండోస్ 11కి 4 జీబీ, 64 జీబీ అన్నవి కనీస అర్హతలు. కనీసంతో కొన్న యంత్రం మొదటి పెద్ద అప్‌డేట్ నాడే ఇబ్బంది పెడుతుంది.

ల్యాప్‌టాపే కొనొచ్చుగా అన్న ప్రశ్న న్యాయమైనదే. తెర, కీబోర్డు, బ్యాటరీ అందులోనే ఉంటాయి. హాస్టల్లో ఉండే విద్యార్థికి, తరచూ ఊళ్లు తిరిగేవాళ్లకి అదే సరి. ఇంట్లో మానిటరు ముందే ఉంటే, ఒకే చోట కూర్చుని పనిచేస్తే మాత్రం మినీయే మేలు. మెడ వంచకుండా పెద్ద తెర చూడొచ్చు, బ్యాటరీ ఉబ్బే భయం లేదు, ఏ భాగం పోతే ఆ భాగమే మార్చుకోవచ్చు.

మెమరీ, డిస్కు, ఇతర ఖర్చులు

ఇవాళ ఇంటికి కనీసం 8 జీబీ, ఆఫీసుకి 16 జీబీ అనుకోవాలి. డిస్కు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అయితే మంచిది, సాటా ఎస్‌ఎస్‌డీ అయినా పరవాలేదు, తిరిగే హార్డ్‌డిస్కు మాత్రం వద్దు. 2025 చివర నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు బాగా పెరిగాయి. క్రూషియల్ బ్రాండు మెమరీ అమ్మే మైక్రాన్ ఆ చిల్లర వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఖాళీ పెట్టె కొని మెమరీ విడిగా వేసుకుంటే ఆదా అన్న పాత సలహా ఇప్పుడు చెల్లదు. మెమరీ, డిస్కు ఉన్నదే కొనడం లాభం.

బయటి ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. ఇంట్లో ఉన్న పాత మానిటరుకి వీజీఏ ఒక్కటే ఉంటే మార్పిడి తీగ కావాలి. పెట్టెను మానిటరు వెనక బిగించాలంటే అక్కడ నాలుగు మరల రంధ్రాలుండాలి. స్టాండే ఆ రంధ్రాలని ఆక్రమిస్తే కుదరదు. డిజిటల్ సంతకం టోకెను, ప్రింటరు, కీబోర్డు, మౌసు, వెబ్‌క్యామ్ అన్నిటికీ యూఎస్‌బీ పోర్టులు సరిపోతాయో లేదో ముందే లెక్కించుకోవాలి.

కరెంటు ఆదా గురించి అమ్మేవాళ్లు చెప్పేది కొంత ఎక్కువే. పాత పెద్ద సీపీయూ సాధారణ పనిలో 50 వాట్లు, మినీ 10 వాట్లు తింటాయనుకుందాం. రోజుకి ఎనిమిది గంటలు, ఏడాదికి 300 రోజులు నడిపితే తేడా 96 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయల లెక్కన ఏడాదికి ఆరువందల లోపే. అసలు లాభం కరెంటు పోయినప్పుడు కనిపిస్తుంది. సాధారణ 600 వీఏ యూపీఎస్‌లో ఉండే బ్యాటరీ 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్లది. దాని మీద పాత సీపీయూ, మానిటరు నిలిచే సమయంకంటే మినీ, మానిటరు చాలా ఎక్కువసేపు నిలుస్తాయి. కోతలు ఎక్కువుండే ఊళ్లో అమ్మానాన్నలకి కొనిచ్చేవాళ్లు ఈ సంగతి తప్పక చూడాలి. ఊరికి పంపేటప్పుడు ఎండ కూడా గుర్తుంచుకోవాలి. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో చల్లగా నడిచే ఫ్యాను లేని పెట్టె, మే నెల రెంటచింతలలోనో విజయవాడలోనో వేడెక్కి నెమ్మదిస్తుంది. అక్కడికి ఫ్యాను ఉన్నదే పంపండి, ఏడాదికోసారి దుమ్ము దులిపించండి.

తెలుగు పని, పద్దుల పని

చిన్న ఆఫీసులో కంప్యూటరు కొనేది ఎక్కువగా టాలీ కోసమే. దాన్ని తయారుచేసే సంస్థ హెచ్‌ఎస్‌ఆర్ పక్కనే హోసూరు రోడ్డు మీద ఉంది. టాలీప్రైమ్‌కి 64 బిట్ విండోస్ కావాలి, అది బరువైన సాఫ్ట్‌వేర్ కాదు, ఎన్ 100 మీద హాయిగా నడుస్తుంది. కొత్త యంత్రానికి మారేముందు పాతదాంట్లో లైసెన్సు సరెండర్ చేయడం మరిచిపోవద్దు.

తెలుగు టైపింగుకి యూనికోడ్ వాడితే ఏ యంత్రమైనా ఒకటే. లైనక్స్‌లోనూ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, తెలుగు ఫాంట్లు సిద్ధంగా ఉంటాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు తెలుగులో కంప్యూటర్ నడవడానికి ఏళ్లుగా శ్రమించారు, వారి కృషిని తలుచుకోవడం మన ధర్మం. అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌తో పెళ్లిపత్రికలు, పుస్తకాలు చేసే డీటీపీ వాళ్ల సంగతి వేరు. ఆ పాత సాఫ్ట్‌వేర్లు కొత్త విండోస్‌లో నడుస్తాయో లేదో స్వయంగా చూశాకే పాత యంత్రాన్ని వదలాలి.

బిల్లు, చట్టం

కంప్యూటర్ల మీద జీఎస్టీ 18 శాతం. రిజిస్టరైన వ్యాపారి సరైన బిల్లు తీసుకుంటే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుకోవచ్చు, ఆదాయపు పన్నులో ఏడాదికి 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చు. బిల్లు లేకుండా వెయ్యి రూపాయలు తగ్గించే బేరం ఆఫీసుకి నిజానికి నష్టం. ఇంటికి కొనేవాళ్లకైనా బిల్లు లేకపోతే వారంటీ లేదు.

2023 ఆగస్టు 3న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ల్యాప్‌టాప్‌లతో పాటు అతిచిన్న కంప్యూటర్ల దిగుమతిని కూడా నియంత్రణ కిందికి తెచ్చింది. అదే ఏడాది మే నెలలో ఐటీ హార్డ్‌వేర్ తయారీకి 17,000 కోట్ల ప్రోత్సాహక పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది, అందులోనూ ఈ చిన్న కంప్యూటర్లు ఉన్నాయి. మన దగ్గర అమ్మే కంప్యూటర్లకి, అడాప్టర్లకి బీఐఎస్ నమోదు తప్పనిసరి. పెట్టె అడుగున ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉందో లేదో చూడండి. రోజంతా ప్లగ్గులో ఉండే అడాప్టరు నాసిరకందైతే ప్రమాదం ఇంటికే.

తీర్పు

ఇంటికి, పిల్లల చదువుకి, ఊళ్లో పెద్దవాళ్లకి ఎన్ 100 లేదా ఎన్ 150, 8 నుంచి 16 జీబీ మెమరీ, 256 లేదా 512 జీబీ ఎస్‌ఎస్‌డీతో, ఊళ్లో సర్వీసున్న కంపెనీది కొనండి. నాలుగైదు బల్లలున్న చిన్న ఆఫీసుకి ఎనిమిదో తరం, అంతకంటే కొత్త తరం వాడిన ఒక లీటరు పెట్టెలు, 16 జీబీ మెమరీతో, జీఎస్టీ బిల్లుతో, కనీసం ఆరునెలల వారంటీతో తీసుకోండి. వీడియో, గ్రాఫిక్స్ బతుకుతెరువైన వాళ్లు మ్యాక్ మినీ వైపు చూడొచ్చు. ఆరు, ఏడు తరాల యంత్రాలు లైనక్స్ వాడేవాళ్లకే. 4 జీబీ, ఈఎంఎంసీ పెట్టెలు ఎవరికీ వద్దు.

కొనబోయేముందు ఇంట్లోనో ఆఫీసులోనో అందరూ కూర్చుని ఆ యంత్రం మీద జరగబోయే పనులని ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితంతో దుకాణానికి వెళ్లండి, ప్రకటనతో వెళ్లకండి. మీ అవసరం తీరాక మిగిలిన పాత కంప్యూటరుని చెత్తలో వేయకుండా, డిస్కు తుడిచి, ఉబుంటు ఎక్కించి, చదువుకునే పిల్ల ఉన్న ఇంటికి ఇవ్వండి. పూర్తిగా పాడైనదైతే అనుమతి ఉన్న ఈ-వేస్ట్ కేంద్రానికే అప్పగించండి.